చెలమలు పోయినాక వచ్చిన గుడ్డేలుగు

గుడ్డేలుగు, అదే ఎలుగుబంటి, ఏడిస్తే మనిషి ఏడ్చినట్టే ఉంటుంది. ఈ సంగతి నాకు తెలియకుండానే బతుకు గడిచిపోయి ఉంటే బాగుండేదని, పొద్దుగూకే వేళ తలుపులు వేసుకుంటున్నప్పుడు ఇప్పటికీ అనిపిస్తుంది.

మా నాన్న మణుగూరులో బొగ్గు పని చేసేవాడు. నేను పుట్టింది, పెరిగింది అక్కడి క్వార్టర్లలోనే. నల్లా తిప్పితే నీళ్లు రావడం, రాకపోతే వీధి ఆడవాళ్లంతా బిందెలతో ట్యాంకరు కోసం నిలబడడం, నీళ్లంటే నాకు తెలిసింది అంతే. కారేపల్లి దాటి లోపలికి, ఆటోలు కూడా వెనక్కి తిరిగే చోట ఉన్న ఊరికి నన్ను ఇచ్చారు. ఊరు అయిపోగానే చేలు, చేలు అయిపోగానే అడవి. మధ్యలో వాగు. ఇంట్లో మా ఆయన, మా అత్త, పెళ్లికాని మరిది. నేను కుట్టుమిషను తెచ్చుకున్నాను. జాకెట్లు కుట్టేదాన్ని.

కాపురానికి వచ్చిన కొత్తలో ఒక పొద్దున అత్త నా చేతికి బిందె, కొబ్బరి చిప్ప ఇచ్చి వాగుకు తీసుకుపోయింది. ఎండాకాలం. వాగులో చుక్క నీరు లేదు. తెల్లటి ఇసుక మాత్రం ఒడ్డు నుంచి ఒడ్డు దాకా పరుచుకుని ఉంది. నేను ఆమె మొహం చూశాను.

"ఏంది పిల్లా గట్ల చూస్తున్నవ్? నీళ్లు కిందున్నయి" అంది.

కూర్చుని రెండు చేతులతో ఇసుక తోడింది. మోచేయి లోతు దిగేసరికి తడి. ఇంకాస్త తోడితే గుంత అడుగున నీళ్లు ఊరడం మొదలైంది. ముందు మురికిగా, తర్వాత తేటగా. చిప్పతో తోడి బిందెలో పోసింది. నేను దోసిలి పట్టి తాగాను. ఇసుక వాసన, చల్లదనం తప్ప ఇంకేం లేదు ఆ నీళ్లలో. దాన్ని చెలమ అంటారని ఆ రోజే తెలిసింది.

రోజూ పోవడం అలవాటైంది. తెల్లారి మేం వెళ్లేసరికి నిన్నటి మా చెలమ చుట్టూ ఇసుక మీద అడుగులు ఉండేవి. నక్కవి, అడవిపందివి, కణుజువి, పిట్టలవి. ఒక్కోసారి చిన్నపిల్లాడు చెప్పుల్లేకుండా నడిచినట్టు, ముందు గోళ్ల గీతలతో, వెడల్పాటి పాదాలు. అవి చూస్తే అత్త గొంతు తగ్గించి మాట్లాడేది. ఒకరోజు నేను తెలివిగా, రేపటికి నీళ్లు శుభ్రంగా ఉంటాయని ముళ్లకంప లాగి చెలమ మీద కప్పాను. అత్త చూసి కోప్పడింది. కంప తీసి అవతల పారేసింది.

"మూస్తవేంది? మనమొక్కళ్లమే తాగుతమా?"

ఆమె అలా అనడంలో దయ లాంటిదేం లేదు. పక్కింటివాళ్లకు దారి విడిచినట్టు అంది, అంతే.

ఇసుక బండ్లు ఎప్పుడు మొదలయ్యాయని ఎవరైనా అడిగితే నేను తేదీ చెప్పలేను. మొదట్లో ఎవరింటికి వారు తోలుకున్నారు. మా ఇంటి స్లాబు కూడా ఆ వాగు ఇసుకతో పోసిందే. తర్వాత రోడ్డు పని వచ్చింది. తర్వాత వాగు మీద కల్వర్టు. ఆ తర్వాత టౌన్లలో ఇళ్లు లేస్తున్నాయని, బయటి నుంచి మనుషులు వచ్చారు. ఇసుక తోడే ప్రొక్లైన్ వాగులోకి దిగింది. మా మరిది డ్రైవింగ్ నేర్చుకుని ఒకరి ట్రాక్టరు మీద పనికి కుదిరాడు. ఇంట్లో అందరికీ సంతోషమే. వాడు తెల్లారి చద్దన్నం తిని పోయేవాడు, తల నిండా ఇసుకతో తిరిగొచ్చేవాడు. స్నానం చేస్తే బాత్రూం అడుగున వాగు పేరుకుని ఉండేది.

అదే రోజుల్లో ఇంటింటికీ నల్లాలు వచ్చాయి. అందుకే మాకు తెలియలేదనుకుంటాను. చెలమ తవ్వితే ముందు లోతుకు పోయాయి నీళ్లు. తర్వాత జిగట మట్టి, దాని కింద బండ బయటపడింది. తవ్వడానికి ఇసుకే మిగల్లేదు. ఊళ్లో ఎవరూ దాని గురించి గట్టిగా మాట్లాడలేదు. నల్లా తిప్పితే నీళ్లు వస్తున్నాయి కదా.

అవతలి ఒడ్డున ఉన్నవాటికి నల్లాలు లేవు.

అవి ఒక్కొక్కటీ ఊళ్లోకి రావడం మొదలుపెట్టాయి. నల్లా పైపు కారే చోట తేనెటీగలు నల్లగా ముసిరి ఉండేవి, పిల్లలు కాళ్లు పెట్టి కుట్టించుకునేవారు. నెమళ్లు మిరప చేలల్లో డ్రిప్పు పైపులు పొడిచేవి. ఒక దుప్పి చేలల్లోకి వచ్చి కుక్కల పాలైంది. కొండముచ్చులు మా వాకిట్లో నీళ్ల గోలెంలో తలలు ముంచి తాగి, పక్కనే కూర్చుని మమ్మల్ని చూసేవి. అత్త మొదట్లో కర్ర పట్టుకుని అదిలించేది. తర్వాత అదిలించడం మానేసి ఊరికే చూస్తూ కూర్చునేది. "ఇయ్యన్నీ ఎన్నడన్న వచ్చినయా గిట్ల" అని తనలో తాను అనుకునేది.

ఆ ఎండాకాలం ఇప్పపూలు రాలే రోజుల్లో ఊరి చివర గుడ్డేలుగు తిరుగుతోందని అన్నారు. వీపు మీద పిల్ల ఉందని కూడా చెప్పారు. కూలికి పోయే ఆడవాళ్లు గుంపులుగా, గట్టిగా మాట్లాడుకుంటూ పోసాగారు.

ఒక పొద్దున మా ఆయన చేనులో మోటరు వేయడానికి వెళ్లి వెంటనే ఉరికొచ్చాడు. వాకిట్లో స్తంభం పట్టుకుని నిలబడ్డాడు.

"బాయిల ఎవరో పడ్డరు. మూలుగుతున్నరు. ఆడమనిషి లెక్కుంది."

మా చేనులోని బావి పాతది. రాతి కట్టు సగం కూలింది, చుట్టూ గోడ లేదు. నాకు వెంటనే తట్టింది పక్కింటి కోడలు, రెండు రోజులుగా ఆ ఇంట్లో గొడవలు అవుతున్నాయి. అందరం పరుగెత్తాం. దగ్గరికి పోతుంటే నాకూ వినిపించింది. నిజంగా ఆడమనిషి మూలుగే. నొప్పులు పడుతున్నదాని మూలుగు. ఊపిరి తీసుకోవడానికి మధ్యలో ఆగి, మళ్లీ మొదలవుతోంది.

మరిది బోర్లా పడుకుని తల వంచి చూశాడు. చూసి వెనక్కి జరిగాడు.

"మనిషి కాదన్నా. గుడ్డేలుగు."

నేనూ చూశాను. నీళ్లలో గుండెల దాకా మునిగి, మోటరు పైపును రెండు చేతులతో కావలించుకుని నిలబడి ఉంది. తడిసిన వెంట్రుకలు అతుక్కుపోయి బక్కగా కనిపించింది. రొమ్ము మీద తెల్లటి గీత. నీళ్ల కోసం వంగి, ఆ కూలిన రాళ్ల మీద జారి ఉంటుంది. నా తల నీడ నీళ్ల మీద పడగానే మొహం పైకెత్తింది. కళ్లు చిన్నవి. ఏం అడుగుతోందో తెలియని కళ్లు.

మా ఆయన ఫారెస్టు బీట్ ఆఫీసరుకు ఫోన్ చేశాడు. ఎండ ఎక్కే వేళకు ఆయన ఇద్దరు వాచర్లను వెంటబెట్టుకుని వచ్చాడు. వయసులో చిన్నవాడే, నెమ్మదస్తుడు. బావి చుట్టూ తిరిగి చూసి చెప్పాడు: "ఇంజక్షన్ ఇస్తే నీళ్లల్లనే మునిగి సచ్చిపోతది. తాటిమొద్దులు రెండు కట్టి ఏటవాలుగ దించుదాం. దానంతట అదే ఎక్కుతది. కానీ మనుషులు ఒక్కరు కూడ ఉండొద్దు."

మొద్దులు దించారు. మనుషులే పోలేదు.

ఎలా తెలిసిందో, చుట్టుపక్కల ఊళ్ల నుంచి బండ్ల మీద జనం దిగారు. ఫోన్లు పైకెత్తి పట్టుకుని, ఒకరి భుజాల మీది నుంచి ఒకరు. ఎవడో ఐస్‌క్రీం బండి కూడా తెచ్చాడు. ఆఫీసరు చేతులు జోడించాడు, కేకలేశాడు, కర్ర ఎత్తాడు. ఒకపక్క జరిపితే ఇంకోపక్క నుంచి వచ్చారు. కింద నుంచి మూలుగు వస్తూనే ఉంది. జనం దానికి నవ్వారు. కొందరు దాన్ని అనుకరించారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, అందులో మా చుట్టాలున్నారు, నా దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్లున్నారు. ఆ రోజు మాత్రం వాళ్ల మొహాలు నాకు కొత్తగా కనిపించాయి.

మధ్యాహ్నం అనుకుంటాను, మూలుగు మారింది. గొంతు పెంచి పిలిచినట్టు ఒక అరుపు అరిచింది. జవాబుగా బావి పక్కనున్న పత్తికట్టెల కుప్పలోంచి సన్నగా ఒక కేక వచ్చింది.

"పిల్ల! పిల్లుంది!" అని ఎవరో అరిచారు. జనమంతా అటు మళ్లారు.

కుప్పలోంచి నల్లటి ముద్దలా బయటపడి రోడ్డు వైపు పరుగెత్తింది. వెనక ఫోన్లు పట్టుకున్న కుర్రాళ్లు, వాళ్ల వెనక ఊరకుక్కలు. బావిలోంచి అరుపులు వరుసగా. పిల్ల కల్వర్టు తూములో దూరింది. కుక్కలు రెండు వైపులా నిలబడ్డాయి. మా మరిది కుక్కలను రాళ్లతో కొట్టి, బోర్లా పాకి తూములో దూరాడు. బయటికి వచ్చేసరికి తువ్వాలులో చుట్టిన పిల్ల చేతుల్లో ఉంది, వాడి మోచేయి నుంచి రక్తం కారుతోంది.

"వదినా, ఇంట్లకు తీస్కపోత. ఈడుంటే కుక్కలు చీలుస్తయి" అన్నాడు. ఆఫీసరు కూడా సరేనన్నాడు. తల్లి బయటికి వచ్చేదాకా నీడలో ఉంచమన్నాడు.

కొట్టంలో గంప దించి, లోపల పాత చీర పరిచి పడుకోబెట్టాం. పైన ఇంకో గంప బోర్లించాం. అత్త మేకపాలు పితికి, గుడ్డ పీలిక ముంచి నోటికి అందించింది. చీకడానికి పిల్లకు ఓపిక లేదు. పాలు చెంపల మీదుగా కారాయి. అత్త దాని నుదురు మీద వేలు పెట్టి, "కాలిపోతున్నది" అంది. ఆ సమయానికి చేను దిక్కు నుంచి తల్లి పిలుపు ఇంటిదాకా వినిపిస్తూనే ఉంది. పిల్ల చెవులు అటు తిరిగేవి. లేవబోయి పడిపోయేది. నాకు అప్పటికి పాప పుట్టి ఏడాది కూడా కాలేదు. పిలుపు వినిపించినప్పుడల్లా నా ఒంట్లో పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోయింది. ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు.

పొద్దు వాలాక, ఇంకొందరు వాచర్లు వచ్చాక, జనాన్ని ఎట్లాగో పంపించారు. చేను ఖాళీ అయింది. పిల్ల ఉన్న గంపను తెచ్చి బావికి కాస్త దూరంలో పెట్టారు. మేమంతా దూరంగా ఉన్న మోటరు గది వెనక చేరాం. ఎవరూ దగ్గనైనా దగ్గలేదు. ఎర్రటి వెలుతురు ఇంకా ఉంది. తాటిమొద్దు కిర్రుమంది. బావి అంచు మీద ముందు పంజా, తర్వాత తల, తర్వాత మొత్తం నలుపు. పైకొచ్చి నిలబడింది. ఒళ్లు విదిలించుకుంది. మూతి గాలిలోకి ఎత్తింది. గంప వైపు తిరిగింది.

"పో తల్లీ, పో" అని నా పక్కన అత్త గొణిగింది.

అప్పుడే వాగు బాట మీదికి ఇసుక ట్రాక్టర్లు మలుపు తిరిగాయి, ఒకదాని వెనక ఒకటి. లైట్లు చేను మొత్తం తెల్లగా చేశాయి. పాటలు పెట్టుకుని వస్తున్నారు. వాళ్లకేం తెలుసు? గుడ్డేలుగు ఆ వెలుగులో ఒక్క క్షణం నిలబడింది, మరుక్షణం అడవి వైపు పరుగెత్తింది. మా మరిది లేచి చేతులూపుతూ ఉరికాడు. వాడు అరిచినా ఆ ఇంజన్ల మోతలో ఎవరికి వినిపిస్తుంది?

గంపలో పిల్ల ఏడుస్తూనే ఉంది. తల్లి తిరిగొస్తుందని వాచర్లు రాత్రంతా దూరంగా కాపలా ఉన్నారట. రాలేదు. తెల్లారేసరికి పిల్లకు ఏడ్చే గొంతు కూడా లేకపోయింది. ఇక ఆలస్యం చేస్తే దక్కదని జీపులో వరంగల్ వైపు, జూ డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. వాళ్లు చేసింది తప్పని నేను అనను. వేరే దారి ఏముంది? వాళ్లు వేరే పెట్టెలో తీసుకుపోయారు కనక మా గంప మాకే మిగిలింది. అత్త దాన్ని కడగకుండా కొట్టం గోడకు ఆనించింది.

తల్లి ఆ సాయంత్రమే వచ్చింది.

ముందు బావి దగ్గర తిరిగింది. మా ఆయన మోటరు కట్టేసి వస్తూ దూరం నుంచి చూశాడట. తర్వాతి సాయంత్రం వాసన పట్టుకుని పిల్లను తీసుకొచ్చిన దారినే, అడుగు తప్పకుండా, ఇంటిదాకా వచ్చింది. చేను గట్టు, రోడ్డు, తూము, మా గల్లీ, మా కొట్టం. మేం తలుపులు వేసుకుని లోపల కూర్చున్నాం. గోలెంలో మూతి పెట్టి జుర్రుకునే చప్పుడు. కొట్టం గడ్డి చెదిరే చప్పుడు. మేకలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. వాటిని తాకలేదు. తర్వాత ఏడుపు. బావిలో ఏడ్చిన ఏడుపు కాదిది, ఇంకా చిన్నగా, గొంతులోనే. మా పాప నిద్రలో ఉలిక్కిపడితే నోటికి చెయ్యి అడ్డం పెట్టాను.

ప్రతి సాయంత్రం అంతే. ఊళ్లో వాళ్లు మా మీద విసుక్కోసాగారు. మీ ఇంటికి మరిగింది, ఎవరినో ఒకరిని పీకేస్తుంది, ఏదో ఒకటి చెయ్యాలి అన్నారు. ఆ ఏదో ఒకటి ఏమిటో అందరికీ తెలుసు. చేలకు పందుల కోసం కరెంటు తీగలు పెట్టేవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. మరిది ఆఫీసరును పట్టుకుని బతిమాలాడు.

"సార్, ఆ పిల్లను తెచ్చి ఈడ్నే ఇడిస్తే కాదా? తల్లి వస్తనే ఉన్నది గదా."

"నేనూ అడిగిన తమ్మీ. గ్లూకోజు ఎక్కుతున్నదట, కదిలిస్తే దక్కదంటున్నరు. అది తేరుకునే సరికి ఈ తల్లి దాని వాసన మరిచిపోవచ్చు. ఏం చెప్పాలె నీకు" అన్నాడు ఆయన. ఆయన మొహం చూస్తే అబద్ధం చెప్తున్నట్టు లేదు.

మరిది ఆ రోజు నుంచి ట్రాక్టరు ఎక్కలేదు. అరుగు మీద కూర్చుని మోచేతి మీది గీతలు గోక్కుంటూ ఉండేవాడు. అత్త మాత్రం పొద్దుగూకే ముందు గోలెం నిండా నీళ్లు పోయించేది. "ఎందుకమ్మా, ఇంకా మరుగుతది" అని మా ఆయన అంటే, "దాని నీళ్లు మనింట్లకు రాలేదా?" అని లోపలికి పోయింది. స్లాబు వైపు చూసి అందో, నల్లా వైపు చూసి అందో నాకు అర్థం కాలేదు.

ఒక తెల్లవారుజామున, మసక వెలుతురు వచ్చాక, ఇక పోయి ఉంటుందని నేను తలుపు తీశాను. చేతిలో చీపురు. వాకిట్లో నా ఎదురుగా ఉంది.

కొట్టం గోడకు ఆనించిన గంప కింద పడి ఉంది. అందులో తల మొత్తం దూర్చి, పరిచిన పాత చీరను వాసన చూస్తోంది. ఆ ఊపిరి చప్పుడు నాకు వినిపిస్తోంది, లోపలికి పీల్చడం, వదలడం. నేను కదల్లేకపోయాను. తల బయటికి తీసి నన్ను చూసింది. మూతికి చీర పోగు ఒకటి అంటుకుని ఉంది. మా ఇద్దరి మధ్య మంచమంత దూరం. అది లేచి నిలబడితే నా మొహం మిగలదు. ఆ మాట తెలుస్తూనే ఉంది. భయం అన్నది ఆ తర్వాత, రోజంతా వచ్చింది. ఆ క్షణంలో మాత్రం నాకు సిగ్గేసింది. ఎందుకో చెప్పలేను. నా వెనక గదిలో మా పాప నిద్రపోతోంది, దాని పాల వాసన నా ఒంటి మీద ఉంది. గుడ్డేలుగు నా వైపు మూతి చాచి పీల్చింది.

తర్వాత గంప అంచును పళ్లతో పట్టుకుంది. ఈడ్చుకుంటూ వాకిలి దాటింది. గంప నేలకు రాసుకుంటూ పోయే చప్పుడు గల్లీ చివరిదాకా వినిపించింది. నేను గడప మీద కూలబడ్డాను. అత్త వచ్చి ఏమైందని అడిగింది. నా చెయ్యి కొట్టం వైపు చూపించింది. అక్కడ గంప లేదు. ఆమె నా పక్కనే కూర్చుంది, నా వీపు మీద చెయ్యి వేసింది. కాపురానికి వచ్చాక ఆమె నన్ను అట్లా తాకడం అదే మొదలు.

పొద్దెక్కాక మరిది ఆ ఈడ్చిన గీత పట్టుకుని వెళ్లాడు. కాసేపటికి నన్నూ, మా ఆయననూ పిలిచాడు. గీత వాగులోకి దిగింది. ప్రొక్లైన్ తోడిన గుంతల మధ్య, బండ కనిపించే చోట గంప పడి ఉంది. ఒక పక్క చీలిపోయింది. దాని పక్కనే జిగట మట్టిలో ఒక గుంత. పొడవాటి గోళ్లతో గీరిన గుంత. మోచేయి లోతుకన్నా ఎక్కువే తవ్వింది. అడుగున బండ మీద గోళ్ల గీతలు తెల్లగా ఉన్నాయి. గోళ్లు అరిగి రక్తం కూడా అంటింది. తడి లేదు.

మరిది ఆ గుంతలో చెయ్యి పెట్టి చూశాడు. చేయి తీసి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"మన చెలమల జాగనే గద వదినా ఇది?"

"అవ్" అన్నాను.

ఆ తర్వాత అది రాలేదు. కరెంటు తీగకు పడిందని ఒకరు, అవతలి గుట్టల వైపు పోయిందని ఒకరు అన్నారు. మా ఆయన రెండు మూడు చేలు తిరిగి చూసి వచ్చాడు. ఏమీ దొరకలేదన్నాడు. దొరికినా నాకు చెప్పి ఉండేవాడు కాదని నా అనుమానం. అత్త మాత్రం ఎండలు పోయేదాకా గోలెం నింపించింది. పొద్దున్నే చూస్తే నీళ్లు నింపినట్టే ఉండేవి, పైన దుమ్ము తెట్టె కట్టి.

మరిది కొన్నాళ్లు కూలికి పోయాడు, మిర్చి బస్తాలు మోశాడు. మళ్లీ ట్రాక్టరు ఎక్కాడు. "నేను మానితే ఇంకొకడు తోల్తడు వదినా. వాగేం నిండదు" అన్నాడు. అదీ నిజమే. కానీ పొద్దుగూకితే వాడు వాగులో ఉండడు. ఇంజను ఆపితే వెనక ఏదో ఈడ్చుకుంటూ వస్తున్నట్టు ఉంటుందని, వెనక్కి తిరిగితే ఏమీ ఉండదని, వాడికి పెళ్లయ్యాక వాడి పెళ్లాం ఒకసారి నాతో చెప్పింది. బావి చుట్టూ గోడ కట్టించాం. కట్టిన ఇసుక కూడా ఆ వాగుదే. ఇంకెక్కడి నుంచి తెస్తాం?

పాపకు జ్వరం తగ్గక వరంగల్ దవాఖానాకు తీసుకుపోయినప్పుడు, తగ్గాక ఒక పూట జూకు వెళ్లాం. మా దగ్గరి నుంచి పోయిన పిల్ల అక్కడే ఉందో, ఇంకెక్కడికైనా పంపారో మాకు తెలియదు. గుడ్డేలుగులు ఉన్న చోట కంచె ముందు నిలబడ్డాం. మూడో నాలుగో ఉన్నాయి, అన్నీ ఒక్క తీరుగానే ఉన్నాయి. ఒకటి సిమెంటు తొట్టి పక్కన తల అటూ ఇటూ ఊపుతూ నిలబడి ఉంది, ఆపకుండా. మా ఆయన, "అదేనంటవా?" అన్నాడు. నేను, "ఏమో" అన్నాను. పాప చప్పట్లు కొట్టింది. అది మా వైపు చూడలేదు. తొట్టి నిండా నీళ్లున్నాయి. అత్తకు ఈ సంగతి చెప్పాలా వద్దా అని బస్సులో చాలాసేపు అనుకున్నాను. చెప్పలేదు.

ఈ ఏడు ఇప్పపూల కాలం వచ్చింది. అత్తకు మోకాళ్లు పట్టేశాయి, చెట్ల దాకా నడవలేకపోయింది. నన్ను పొమ్మంది. ఇంకా ఆడవాళ్లు లేవకముందే, వెలుగు వస్తుండగా వెళ్లాను. నాలుగు మాటలు గట్టిగా మాట్లాడుకుంటూ పోవాలనుకున్నాను, పక్కన ఎవరూ లేరు. చెట్టు కిందికి చేరేసరికి నేలంతా పూలు. లేత పసుపు రంగులో, తడిగా, మత్తు వాసనతో, అడుగు పెట్టే సందు లేకుండా. చీకట్లో గుడ్డేలుగులు, దుప్పులు వచ్చి సగం తినిపోతే, మిగిలిన సగమే మనం ఏరుకునేదని అత్త ఇంట్లో ఎప్పుడూ గొణిగేది, ముందే పోవాలని తొందరపెట్టేది.

ఈసారి ఎవరూ తినిపోలేదు. ఎక్కడా ఒక తొక్కిన గుర్తు లేదు, ఒక పువ్వు చిదిమింది లేదు. రాలినవి రాలినట్టే ఉన్నాయి.

వంగి ఏరడం మొదలుపెట్టాను. సంచి త్వరగానే నిండింది. నిండాక కూడా కింద చాలా ఉన్నాయి. పిట్ట కూత వినిపిస్తుందేమోనని కాసేపు నిలబడ్డాను. పైనుంచి పూలు రాలుతున్న చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. ఒకటి నా భుజం మీద పడింది. వెనక్కి తిరిగి చూశాను. తొక్కిన పూల మీద నా అడుగులే ఉన్నాయి.